నలభై మూడో పనిముట్టు

ఆ రోజుకు నిదానం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఎనిమిదింటికి విమానంలో ముందు సీట్లు ఊడదీయాలి. సీటును కదలకుండా పట్టి ఉంచే పిన్నులు అరిగాయేమో చూడాలి. మళ్ళీ బిగించి పుస్తకంలో సంతకం పెట్టాలి. పదకొండింటికి విమానాన్ని సాగనంపి, రెండింటికి వచ్చే ఇన్‌స్పెక్టరు కోసం తల దువ్వుకుని కూర్చోవాలి.

ఆ హ్యాంగరులో ఉన్నది ఒక్కటే విమానం. రెండు ఇంజన్లు, ఆరు సీట్లు. ఆ రకం విమానాలన్నిటికీ పోయిన నెల తప్పనిసరి ఆదేశం ఒకటి వచ్చింది. ఎగిరేటప్పుడు పైలట్ సీటు ఉన్నట్టుండి వెనక్కి జారే ప్రమాదం ఉందట. పది గంటలు ఎగిరే లోపు పిన్నులు చూసి సంతకం పెట్టకపోతే విమానం గడప దాటకూడదు. అప్పటికే ఎనిమిదిన్నర గంటలు ఎగిరింది. ఇవాళ యజమాని తన వియ్యంకుడిని ఎక్కించుకుని రానూపోనూ నాలుగు గంటల ప్రయాణం పెట్టుకున్నాడు.

నిదానం గారి అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన మరను మూడుసార్లు బిగించి, నాలుగోసారి బిగిసిందో లేదో చూసే రకం. ఇరవై రెండేళ్ళుగా ఆ విమానం ఎగరాలంటే ఆయన సంతకం ఉండాల్సిందే. ఆ సంతకం హక్కుకు రేపటితో గడువు తీరిపోతుంది. దాన్ని పొడిగించాలో వద్దో తేల్చడానికే ఇన్‌స్పెక్టరు వస్తోంది. హక్కు పోతే ఈ వయసులో తను స్పానర్లు అందించే మనిషిగా మిగిలిపోతానని ఆయనకు వారం రోజులుగా బెంగ.

తొమ్మిదింబావుకల్లా పని అయిపోయింది. పిన్నులు నిక్షేపంగా ఉన్నాయి. నిదానం గారు అలవాటు ప్రకారం పనిముట్ల బోర్డు దగ్గరికి వెళ్ళారు. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం ఎర్ర రంగుతో వేసి ఉంటుంది, ఏది లేకపోయినా అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. పక్కనే ఆయన స్వదస్తూరీలో ఒక అట్ట: ‘ఒక్క పనిముట్టు తక్కువైనా విమానం కదలదు.’ లెక్కపెట్టారు. ఆకారాలు నలభై మూడు, పనిముట్లు నలభై రెండు. కింది వరసలో పొడుగాటి కాడ, చివర గుండ్రం. ఇరుకు సందుల్లోకి తొంగిచూసే కాడ అద్దం లేదు.

అప్పుడే పైలట్ వచ్చాడు. పైలట్ అంటే ఆయన సొంత బావమరిదే.

“ఏం బావా, ఇంకా సంతకం పెట్టలేదా?”

“కాడ అద్దం కనపడటం లేదురా.”

“అదేంటి? పొద్దున నీ చేతిలో చూశానే! తళుక్కుమంటే కళ్ళు చిట్లించుకున్నాను కూడా.”

ఆ మాటతో నిదానం గారికి అన్నీ గుర్తొచ్చాయి. ఆ అద్దం బరువు గుర్తొచ్చింది. కాడ మీద చిన్న గీత ఉండేదనీ గుర్తొచ్చింది. సందేహం లేదు, అది సీటు కిందే ఎక్కడో పడింది. విమానం ఎగిరాక దొర్లుకుంటూ పోయి పెడళ్ళ కింద ఇరుక్కుంటే ఇంకేమైనా ఉందా?

స్టోరు పుస్తకం చూసే ఆవిడను ఒక్క మాట అడిగితే పోయేది. కానీ ఆ ఆవిడ ఆయన భార్య. పోయిన నెల వాషర్ల డబ్బా ఒకటి కనపడలేదని ఆవిడకు ఆయన వారం రోజులపాటు, అన్నం తినేటప్పుడు కూడా, పనిముట్ల క్రమశిక్షణ గురించి బోధించారు. ఇవాళ ఆవిడ కొరియర్ ఆఫీసుకు వెళ్ళింది. ఫోన్ చేసి “నా అద్దం పోయిందే” అనడం కన్నా విమానం మొత్తం విప్పడమే ఆయనకు తేలికనిపించింది.

సీట్లు మళ్ళీ ఊడాయి. అద్దం లేదు. తివాచీ తీస్తే నాలుగు చాక్లెట్ కాగితాలు, ఒక పెన్ను మూత దొరికాయి. బావమరిది మొహం మాడ్చుకుని, “కాగితాలు నావే బావా. అక్కకు చెప్పకు, షుగరుంది కదా” అన్నాడు. ఇన్ని వస్తువులు దూరిన చోట అద్దం దూరదా అని నేల పలకలు కూడా లేపారు. అక్కడ యజమాని చత్వారం కళ్ళజోడు దొరికింది. దాంతో నిదానం గారికి హుషారు పుట్టింది. ముక్కు భాగం విప్పారు, ఇంజన్ల మూతలు తీశారు.

పదకొండింటికి యజమాని వియ్యంకుడితో సహా దిగాడు. విమానంలోని ఆరు సీట్లూ హ్యాంగరు గచ్చు మీద వరసగా ఉన్నాయి.

“ఏంటండీ నిదానం గారూ ఇది! పిన్నులు పాడయ్యాయా?”

“లేదు సార్, పిన్నులు బ్రహ్మాండంగా ఉన్నాయి. అద్దం పోయింది.”

“ఏది, కాడ అద్దమా? దాన్లో పోయిన వారమే మీసం చూసుకున్నాను. ఇక్కడే ఉండాలి. అయినా అద్దమే కదండీ, దొరికినప్పుడు దొరుకుతుంది. సంతకం పెట్టేయండి, నేను చూసుకుంటాను.”

“పైకెళ్ళాక చూసుకోడానికి మీకూ నాకూ ఏం ఉండదు సార్.”

యజమాని ముఖం గంటుపెట్టుకున్నాడు. వియ్యంకుడి ముందు అద్దం కోసం ఆగామని చెప్పడం నామోషీ. అందుకని, “చిన్న రిపేరు బావగారూ, ఒక్క అరగంట” అన్నాడు. వియ్యంకుడు నేల లేని విమానంలోకి ఒకసారి తొంగి చూశాడు.

“నేను బస్సులో వెళ్తానులెండి బావగారూ. అందులో కాళ్ళు పెట్టుకోడానికి కింద నేలైనా ఉంటుంది.”

వియ్యంకుడు వెళ్ళిపోయాక యజమాని ఒక సీట్లో కూలబడి నిదానం గారితో మాట్లాడటం మానేశాడు. బావమరిది రెక్కలో తల దూర్చి వెతుకుతున్నాడు. చిలికి చిలికి గాలివాన అయింది. సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకు గంట ముందుగా, ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ప్రత్యక్షమైంది.

ఆవిడ సన్నగా, కళ్ళజోడుతో, నవ్వడానికి అనుమతి రాని మనిషిలా ఉంది. ఊడిన పలకలన్నీ చుట్టి వచ్చింది.

“ఆదేశంలో సీటు పిన్నులు చూడమన్నారు. మీరు విమానం మొత్తం విప్పారు. ఏమైంది?”

నిదానం గారు చేతిలోని స్పానరు కింద పెట్టారు. ముందు జాగ్రత్తకు విప్పామని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నాలుక మీదకు వచ్చింది కూడా.

“ఒక పనిముట్టు పోయింది మేడమ్. తప్పు నాదే. అది దొరికేదాకా సంతకం పెట్టను. ఆ తర్వాత నా సంతకం మీరు ఉంచినా సరే, పీకేసినా సరే.”

అంతలో బయట స్కూటర్ ఆగింది. నిదానం గారి భార్య చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

“ఏమండీ, మీ కాడ అద్దం వచ్చింది.”

“దొరికిందా! ఎక్కడ?” యజమాని సీట్లోంచి లేచాడు.

“దొరకడమేంటండీ? కొరియర్‌లో వచ్చింది. ఈయన పోయిన నెల కావాలని రాసిచ్చారు కదా. మన దగ్గర ఇదివరకు ఎప్పుడుందని?”

పార్శిల్ విప్పితే మెరిసిపోతున్న కాడ అద్దం, ఒంటి మీద ప్లాస్టిక్ తొడుగు కూడా తీయకుండా బయటపడింది. కాడ మీద ఏ గీతా లేదు. నిదానం గారు బోర్డు వైపు చూశారు. అద్దం కావాలని రాసిచ్చిన రోజే, ఎర్ర రంగు డబ్బా మళ్ళీ తెరవడం ఎందుకని, ముందుచూపుతో దాని ఆకారం కూడా వేసేశారు. ఆ తర్వాత పనిముట్లు లెక్కపెట్టే అవసరం ఇవాళ్టిదాకా పడలేదు, ఆ సంగతీ మరిచిపోయారు.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని ఊరికే అన్నారా!” అంది భార్య.

“మరి నేను మీసం చూసుకున్నది దేంట్లో?” అని యజమాని గొణుక్కున్నాడు. కళ్ళు చిట్లించుకున్న బావమరిది తలను రెక్కలోంచి బయటికి తీయలేదు.

ఇన్‌స్పెక్టరు బోర్డు ముందుకు వెళ్ళి ఫోటో తీసింది.

“ఈ ఆకారం ఎవరు గీశారు?”

“నేనే మేడమ్.”

ఆవిడ రెండు పేజీలు రాసుకుని, పొడిగింపు సంగతి తేలేదాకా పాత సంతకమే చెల్లుతుందని చెప్పి వెళ్ళిపోయింది. విమానం బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ, ఆ తర్వాత మరో నాలుగు రోజులూ నిదానం గారికి అన్నం సయించలేదు. ఇదే అదను అయినా భార్య వాషర్ల డబ్బా ఊసెత్తలేదు. ఆ జాలి చూసి ఆయన ఇంకా బెంగపడ్డారు.

తొమ్మిదో రోజు రెండు కవర్లు వచ్చాయి. మొదటిది విప్పారు. సంతకం హక్కును ఇంకో మూడేళ్ళు పొడిగించారు. ‘లేని పనిముట్టు కోసం కూడా విమానాన్ని ఆపిన వ్యక్తి’ అని ఇన్‌స్పెక్టరు కారణం రాసింది. నిదానం గారు కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు.

రెండోది అన్ని హ్యాంగర్లకూ పంపిన తప్పనిసరి ఆదేశం. పనిముట్టు చేతికి అందకముందే బోర్డు మీద దాని ఆకారం గీయరాదు. గీసినవారు పది రోజుల్లో చెరిపి, చెరిపినట్టు సంతకం చేసి పంపవలెను.

నిదానం గారు దాన్ని నాలుగుసార్లు చదివి, చప్పుడు చేయకుండా సంతకం పెట్టారు. భార్య ఆ కాగితం తీసుకుని ఫైలులో పెట్టింది.

“ఎంత మర్యాదస్తురాలో చూశారా,” అంది, “మీ పేరు ఎక్కడా రాయలేదు.”