ఇరవై మూడులో నా వంతు

నాకు ఈర్ష్య లేదని మా ఆవిడ మార్వాతో చాలాసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ ఆవిడ నవ్వింది. ఆ నవ్వు అర్థం నాకు ఈ చలికాలంలోగానీ తెలియలేదు. ఎలా తెలిసిందో చెప్తాను, కానీ మీరు నవ్వకండి. నవ్వేవాళ్ళు నాకు ఇంట్లోనే సరిపడా ఉన్నారు.

మా విస్కాన్సిన్‌లో ఆరు నెలలు మంచు కాబట్టి, ఇళ్ళని వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసే నాకు పనికి లోటు లేదు. అయినా మంగళవారం సాయంత్రం ఎవరిల్లు గడ్డకట్టినా నేను వెళ్ళను. ఆ రోజు పూల్ లీగు, అంటే టేబుల్ మీది బంతుల్ని స్టిక్‌తో గుంటల్లోకి కొట్టే ఆట పోటీలు.

లీగులో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. స్టిక్ పట్టుకోవడం అప్పుడే నేర్చినవాడు రెండు, టేబుల్ మీద బంతులన్నీ ఊడ్చేసేవాడు ఏడు. నేను పదకొండేళ్ళుగా అయిదు. చర్చిలో పక్కన కూర్చున్నవాడికి కూడా, అడక్కపోయినా, ఆ సంగతి చెప్పేవాణ్ణి.

రెండేళ్ళ కిందట జట్టులో ఒక మనిషి తక్కువైతే, ఊరికే కుర్చీ నిండుతుందని మార్వాని నేనే తీసుకెళ్ళాను. స్టిక్ ఎలా పట్టుకోవాలో నేనే నేర్పాను. రెండుతో చేరింది. ఆరు నెలల్లో మూడయింది, మరో ఆరు నెలల్లో నాలుగయింది. మొన్న అక్టోబరులో లీగు కాగితం వచ్చింది. వెర్లిన్, అంటే నేను, అయిదు. దాని కిందే మార్వా, అయిదు.

ఆ రాత్రి నాకు అన్నీ చేదుగా ఉన్నాయి. మార్వా చేసిన ఆపిల్ పై కూడా చేదుగానే ఉంది, రెండు ముక్కలు తిన్నాక తెలిసింది.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావేం?" అంది.

"సంతోషంతో."

"అయితే ఆ సంతోషం కాస్త తగ్గించుకో, కుక్క భయపడుతోంది."

మార్వా స్కూలు బస్సు నడుపుతుంది. నలభై అడుగుల బస్సుని మంచులో, వెనక యాభై మంది పిల్లలు అరుస్తుంటే, సందులోకి వెనక్కి తిప్పే మనిషికి బంతిని ఏ కోణంలో కొట్టాలో ఒకరు చెప్పాలా? ఈ మాట అప్పుడే తట్టుంటే నాకు చాలా కష్టం తప్పేది. నాకు తట్టింది సామాను.

నా స్టిక్ మూడు ముక్కలుగా విడిపోతుంది. దానికి చక్రాలున్న పెట్టె, చేతికి తొడుగు, స్టిక్ మొనకి అతికించే తోలుబిళ్ళలు డజను, ఆ మొనకే రుద్దే నీలం సుద్ద నాలుగు రకాలు ఉన్నాయి. మార్వా స్టిక్ ఎవరో ఇల్లు ఖాళీచేస్తూ వాకిట్లో అమ్మినది. నా పాత జీన్స్ కాలు ఒకటి కోసి దానికి సంచీ కుట్టుకుంది. ఎవరైనా చూస్తే ఈవిడ నా కాలిని భుజాన వేసుకుని తిరుగుతోందనుకుంటారు.

దీనికి తోడు ఎమ్మెట్ ఒకడు. మా వీధివాడే, మా జట్టులోనే ఉన్నాడు, వాడూ అయిదే. వాడి మీసాలు గుమ్మంలోంచి వాడికన్నా ముందు లోపలికొస్తాయి. మార్వా బంతి కొడితే చాలు చప్పట్లు కొడతాడు. నేను కొడితే ఆ చేతులతోనే జున్ను వేపుడు తింటాడు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఈ మాట దాచుకోవడం ఎందుకు?

ఇక నేను పన్నిన పన్నాగం చెప్తాను. ఆట జరిగేటప్పుడు ఒకళ్ళు పక్కన కూర్చుని లెక్కల పుస్తకం రాయాలి. ఆటగాడు బంతి తప్పినప్పుడల్లా ఒక గీత పెట్టాలి. కానీ కావాలనే, అవతలివాడికి దారి మూసేలా బంతిని దాచిపెడితే అది తప్పు కాదు, తెలివి. అప్పుడు గీత మీద చుక్క పెట్టాలి. చుక్కలేని గీతలు తక్కువుంటే అంకె పెరుగుతుంది, ఎక్కువుంటే తగ్గుతుంది. మా జట్టులో ఆనవాయితీగా భార్య పుస్తకం భర్త, భర్త పుస్తకం భార్య రాస్తారు. అవతలి జట్టువాళ్ళు చివర్లో జిడ్డు చేత్తో ఓ సంతకం గీకి పోతారు.

మార్వా దారులు మూయడంలో దిట్ట. నేను గీతలన్నీ నిజాయితీగా పెట్టాను. చుక్కలే మింగేశాను.

"ఏమిటి అంత శ్రద్ధగా రాస్తున్నావు?" అంది మొదటి వారం.

"నీ గొప్పతనం."

"రాయి రాయి. నీ గొప్పతనం నేనూ రాస్తాగా," అంది.

క్రిస్మస్‌కి మార్వా నాలుగుకి దిగింది. అంతవరకూ నేననుకున్నదే. అనుకోనిది, నేను ఆరయ్యాను. చొక్కా గుండీలు పట్టనంత పొంగిపోయాను. ఫిబ్రవరికి ఏడయ్యాను! ఆ ఏడు ఎలా వచ్చిందా అని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. ఇన్నాళ్ళకి లీగువాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నాను.

మా జట్టు చొక్కాల మీద ఎవరి అంకె వాళ్ళు గుడ్డతో కుట్టించుకుంటారు. నా ఏడుని మార్వాయే కుట్టింది.

"గట్టిగా కుట్టమంటావా, తేలిగ్గానా?"

"గట్టిగా! ఇక నా జన్మలో మారేది కాదది."

"సరే," అని దారం కొరికింది.

నిజం చెప్పాలంటే ఏడు మోయడం కష్టం. మూడు అంకెవాడు రెండు ఆటలు గెలిస్తే చాలు, వాడి మీద ఏడుగాడు అయిదు గెలవాలి. వరసగా నాలుగు వారాలు ఓడిపోయాను. ఒకసారి దంతాల సెట్టు తీసి జేబులో పెట్టుకుని ఆడే ముసలావిడ చేతిలో కూడా ఓడాను. అయినా చొక్కా ఉతకనివ్వలేదు, ఏడు వెలిసిపోతుందని.

మార్చిలో గ్రీన్ బేలో రాష్ట్ర పోటీలు. మా జట్టుకి పిలుపొచ్చింది. పదకొండేళ్ళుగా నేను కలగన్నది అదొక్కటే. ఆ శుక్రవారం సాయంత్రం బారులో చేపల వేపుడు తింటూ మా కెప్టెన్ ఆర్లో జట్టు చెప్తానన్నాడు. ఆర్లో మార్వా అన్నయ్య. వేళ్ళ మీద కూడికలు చేయకుండా బీరు కూడా తాగడు కాబట్టి వాణ్ణి లెక్కల ఆర్లో అంటారు.

"బావా, ఆడేది అయిదుగురు. అయిదుగురి అంకెలూ కలిపితే ఇరవై మూడు దాటకూడదు. నేను ఆరు. పాలడైరీ అక్కాచెల్లెళ్ళు నాలుగూ, మూడూ. మార్వా నాలుగు. ఎంతయింది?"

"పదిహేడు."

"మిగిలింది ఆరు. నువ్వు?"

నా నోట్లో చేపముక్క ఆగిపోయింది.

"ఏడు," అంది మార్వా, నా తరఫున. నిమ్మచెక్క పిండుకుంటూ.

"అందుకని నీ బదులు ఎమ్మెట్ వస్తాడు," అన్నాడు ఆర్లో. ఎమ్మెట్ మీసాలు రెండు పక్కలకీ విచ్చుకున్నాయి. మూడు రోజులు, గ్రీన్ బే హోటలు, మార్వా బంతులు, వాడి చప్పట్లు! నేనేమో ఇంట్లో కుక్కతో.

"ఇంకో మాట," అన్నాడు ఆర్లో. "అక్కడ జడ్జీలు గద్దల్లా చూస్తుంటారు. పోయినేడు ఒకావిడ నాలుగు అని రాయించుకుని ఆరులా ఆడిందని మొత్తం జట్టుని వెనక్కి పంపారు. ఆవిడని రెండేళ్ళు లీగులోంచి తీసేశారు. మార్వా, నువ్వు మాత్రం నాలుగులానే ఆడవే తల్లీ."

"నాకు వచ్చినట్టు ఆడతానన్నయ్యా. చేతకానట్టు నటించడం నాకు రాదు," అంది మార్వా.

అప్పుడు భయం వేసింది. ఆవిడ వచ్చినట్టు ఆడితే అందరి ముందూ దొంగ అనిపించుకుంటుంది, నేను మింగిన చుక్కల పుణ్యమా అని. ఎమ్మెట్ వెళ్తే వెళ్ళాడు, ఆ మాట మాత్రం మార్వా పడకూడదు. లేచి నిలబడ్డాను. కుర్చీ కిందపడింది, బారంతా ఇటు తిరిగింది.

"ఆవిడ నాలుగు కాదు! చుక్కలు నేను పెట్టలేదు. ఆవిడకీ నాకూ ఒకే అంకె వచ్చిందని ఓర్వలేక తీసేశాను. తప్పు నాది."

ఎక్కడో ఫోర్కు పడిన చప్పుడు వినిపించింది. ఆర్లో నోరు తెరిచాడు. మార్వా మాత్రం తాపీగా జీన్స్ సంచీలోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసి వాళ్ళన్నయ్య ముందు పెట్టింది.

"అన్ని వారాలవీ అసలు లెక్కలు ఇందులో ఉన్నాయి. మా ఇద్దరివీ. సోమవారంలోగా పంపితే లీగువాళ్ళు దిద్దుతారు. కనుక్కున్నాను."

"నా లెక్కలు కూడా దిద్దాలా? ఎందుకు?" అన్నాను.

"నువ్వు నా చుక్కలు మింగుతుంటే వాటిని పారేయడం ఎందుకని, నీ తప్పులన్నిటికీ పెట్టానయ్యా!"

బారు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. ఎమ్మెట్ చప్పట్లు కూడా కొట్టాడు. మొదటిసారి నాకోసం.

ఆర్లో నోటుపుస్తకం చూస్తూ వేళ్ళు మడిచాడు, తెరిచాడు, మళ్ళీ మడిచాడు. "మార్వా ఆరు తేలింది. నేను ఆరు, డైరీవాళ్ళు ఏడు, మొత్తం పంతొమ్మిది. అయిదు కాబట్టి ఎమ్మెట్ పట్టడు. నాలుగువాడు కావాలి."

"నాలుగువాడు ఎవడున్నాడు మనకి?" అన్నాను.

ఆర్లో పుస్తకం నావైపు తిప్పాడు. అక్కడ నా పేరు పక్కన నాలుగుంది.

"పదకొండేళ్ళుగా అయిదుని నేను!"

"ఈ చలికాలమంతా నీ కళ్ళు బంతి మీద ఉన్నాయా నా మీద ఉన్నాయా?" అంది మార్వా. "వస్తావా రావా చెప్పు. ఎమ్మెట్‌కి కుక్కని అప్పగించాలి."

"వస్తా," అన్నాను, నేల చూస్తూ.

"అయితే ఇలా రా." నా చొక్కా మీద ఒక దారం పట్టుకుని లాగింది. నా జన్మలో మారదనుకున్న ఏడు ఆవిడ అరచేతిలోకి ఊడి వచ్చేసింది. గట్టిగా కుట్టనేలేదు! తర్వాత సంచీలో చెయ్యి పెట్టి సూదీ దారం తీసింది, వాటితోపాటు అంచులు కూడా మడిచి సిద్ధంగా ఉన్న గుడ్డ నాలుగు ఒకటి.

"ఇదెప్పుడు కత్తిరించావే?"

"నువ్వు ఏడు కుట్టమన్న రోజునే," అంది సూదిలో దారం ఎక్కిస్తూ. "కదలకు. ఇది గట్టిగా కుడతాను."