కరెంటు పోయిన చోటు

ఆ ఉదయం పని చాలా చిన్నది. ఏడింటికి కారు స్టార్ట్ చేయాలి, పదిన్నరకు డ్రైవింగ్ పరీక్ష మైదానంలో ఉండాలి. పరీక్ష భార్యది, కారు ఇద్దరిదీ, పట్టుదల మాత్రం పూర్తిగా భర్తది. కొంప మునిగింది అక్కడే.

భర్తను వీధిలో అందరూ మబ్బులాయన అంటారు. వాతావరణ కార్యాలయంలో ఉద్యోగం. గాలి వేగం, తేమ, వర్షపాతం కొలిచి, గడులు గీసిన పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. కొలిచీ కొలిచీ ఒక నమ్మకం ఒంటబట్టింది: కొలవని వస్తువు లేనట్టే లెక్క. పెళ్ళయిన కొత్తలో భార్య "నేనంటే మీకెంత ఇష్టం?" అని ముద్దుగా అడిగితే, పాపం, నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ జవాబు ఇంకా రావాల్సే ఉంది.

భార్య గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఊరూరా తిరిగే పుస్తకాల వ్యాను నడిపే పెద్దాయన రిటైరవుతున్నాడు. సోమవారంలోగా లైసెన్సు చూపిస్తే ఆ వ్యాను నీదేనని పై అధికారి మాటిచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆవిడ నేల మీద నడవడం లేదు. తాళాలు తీసినా గేరు మార్చినట్టే తీస్తోంది. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది, రెండుసార్లూ ఎత్తు మీద ఇంజను ఆగిపోయింది. ఈసారీ తప్పితే మళ్ళీ మూడు నెలలు ఆగాలి. ఈలోగా వ్యాను ఇంకెవరి చేతికో పోతుంది.

పరీక్షకు ఎవరి కారు వాళ్ళే తెచ్చుకోవాలి. వీళ్ళ కారేమో మూడు రోజులుగా తెల్లారేసరికి చచ్చి పడుంటోంది. తాళం తిప్పితే కిర్రు, కిర్రు, ఆపైన ఉలుకూ పలుకూ లేదు.

వీధంతా పొగమంచు. ఎదురింటి గోడ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఆ తెల్లటి మసకలో కారు ఏ మబ్బులోనో ఆగినట్టుంది. మబ్బులాయన కాసేపు అన్నీ మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తరవాత జేబులోంచి కొత్త మల్టీమీటరు తీశాడు. పసుపు రంగు పెట్టె, మధ్యలో తిప్పే మీట, ఎరుపు తీగ ఒకటి, నలుపు తీగ ఒకటి. రెండు తీగలూ బ్యాటరీకి ఆనించగానే అంకెలు మెరిశాయి.

"పదకొండు పాయింటు నాలుగు!" అన్నాడు పరవశంగా. "పన్నెండున్నర ఉండాలి. కరెంటు ఎక్కడికో పోతోందోయ్!"

"పోతే పోనివ్వండి. పక్కింటి తాతగారి చార్జరు రెండు గంటలు పెడితే స్టార్టవుతుంది కదా?" అంది భార్య.

"రోగమేంటో తెలీకుండా మందేస్తామా? ఎటు పోతోందో పట్టుకుంటే శాశ్వతంగా వదిలిపోతుంది. అరగంట చాలు."

ఆ అరగంటలో ఎన్ని గంటలున్నాయో ఆవిడకు అప్పుడు తెలియదు. ఆయన పుస్తకంలో గడులు గీసుకున్నాడు: సమయం, ఓల్టులు, ఆంపియర్లు, కరెంటు పోయిన చోటు. ఆఖరి గడి ఖాళీగా ఉంది.

కరెంటు ఎంత కారుతోందో కొలవాలంటే ఎరుపు తీగను మీటరులో వేరే రంధ్రానికి మార్చాలి. అందులో పెట్టాక మీటరు ఉత్త తీగ ముక్కతో సమానం, కరెంటు దాని గుండానే పారుతుంది. ఈ సంగతి మీటరుతో వచ్చిన కాగితంలో పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆయన చదివాడు కూడా. బ్యాటరీకీ కారుకీ మధ్య మీటరును కలిపి, ఇంట్లోంచి తల్లిని పిలిచి దాని ముందు నిలబెట్టాడు.

ఫ్యూజులన్నీ స్టీరింగు కింద ఒక పెట్టెలో ఉన్నాయి. తలుపు తీసి వంగుతుంటే వెనక సీట్లో దిండు కనిపించింది.

"అమ్మా, ఇక్కడ దిండెందుకు?"

"ఉండనీరా, నిన్నేం చేసింది?"

"సరే, మీటరెంతుంది?"

"సున్నా, చుక్క, నాలుగు."

"దొంగ దొరికాడు!" ఆయన తలుపు మూసి పరుగున వచ్చి చూశాడు. సున్నా చుక్క సున్నా రెండు. "ఏదమ్మా నాలుగు?"

"ఇందాక నాలుగేరా. నా కళ్ళకేం రోగం?"

మళ్ళీ వెళ్ళి తలుపు తీశాడు. నాలుగు. మూసి వచ్చాడు. సున్నా రెండు. తను దగ్గరికెళితే కరెంటు కారుతోంది, దూరమైతే ఆగుతోంది. ఆయనకు ఒళ్ళు పులకరించింది. చేతి గడియారం తీసి చూశాడు. బెల్టు విప్పి చూశాడు. రబ్బరు చెప్పులేసుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా తలుపు తీశాడు.

"నాలుగే," అంది తల్లి. "నువ్వు చిన్నప్పుడూ ఇంతేరా. ఏది ముట్టుకున్నా ఏదో ఒకటి అయ్యేది."

ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ఎరుపు, నీలం, పసుపు. వాటిని మెట్టు మీద పేపరు పరిచి వరసగా పేర్చాడు. పదకొండోది పీకేసరికి అంకె పడిపోయింది. సరిగ్గా అప్పుడే పక్కింటి రేడియో తాతగారు టీ గ్లాసుతో మంచులోంచి ప్రత్యక్షమయ్యారు. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి.

"ఇదీ దొంగ!" అని మబ్బులాయన ఫ్యూజు ఎత్తి చూపించాడు.

తాతగారు దాని నంబరు చూసి, టీ ఒక గుక్క తాగి, "అబ్బాయ్, అది లోపలి లైటుది. తలుపు తీస్తే లైటు వెలగదూ?" అన్నారు.

మబ్బులాయన చేతిలోని ఫ్యూజును ఒకసారి, కారు తలుపును ఒకసారి చూశాడు.

"తలుపు మూస్తే సున్నా చుక్క సున్నా రెండేగా చూపించింది? నీ కారుకే జబ్బూ లేదు. అది లంకణాలు చేస్తోంది, అంతే. చార్జరు తేనా?"

"జబ్బు లేకపోతే మూడు రోజుల కరెంటు ఎక్కడికి పోయినట్టు తాతగారూ?" అంటూ ఆయన మెట్టు వైపు తిరిగాడు. పేపరు లేదు. ఫ్యూజులూ లేవు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. చిన్నదీ, రంగుదీ, కింద పడున్నదీ ఏదైనా సరే తల్లి తీసి గుండీల డబ్బాలో వేస్తుంది. ముప్ఫై ఏళ్ళ గుండీలున్నాయి అందులో.

"ఎవరి చొక్కావో అనుకున్నా," అందావిడ.

డబ్బా చాప మీద బోర్లించారు. నలుగురూ చుట్టూ కూర్చుని ఏరారు. మధ్యలో తల్లి ఒక ముత్యపు గుండీ పట్టుకుని, "ఇది మీ నాన్న పెళ్ళినాటి చొక్కాదిరా," అని కళ్ళు తుడుచుకుంది. దాంతో అందరూ కాసేపు చేతులాపేశారు. పదీ దొరికి, చేతిలోదాంతో కలిపి పదకొండూ తిరిగి పెట్టేసరికి తొమ్మిదిన్నర.

"ఏమండీ," అంది భార్య. "నాకా వ్యాను కావాలండీ. నిజంగా కావాలి. ఇంక కొలవకండి."

"ఒక్కటే. ఇదే ఆఖరిది."

బ్యాటరీ కలిపేసి, బానెట్ కింద హారన్‌కు సంబంధించిన నల్ల డబ్బీ పీకి, ఆ రంధ్రాల్లోకి మీటరు తీగలు రెండూ దూర్చాడు. అక్కడ ఓల్టులెన్నో చూద్దామని. ఎరుపు తీగ మాత్రం ఇంకా ఆ ఆంపియర్ల రంధ్రంలోనే ఉంది, కరెంటు మీటరు గుండా నేరుగా హారన్‌కు పారింది.

పాం అంది కారు. ఆగకుండా అంటూనే ఉంది.

మబ్బులాయన కాలుగాలిన పిల్లిలా స్టీరింగు దగ్గరికి పరుగెత్తి హారన్‌ను గుద్దాడు. ఆగలేదు. తీగలు రంధ్రాల్లో నిక్షేపంగా నిలబడే ఉన్నాయి, వాటి సంగతే ఆయనకు తట్టలేదు. "అరవకు, అరవకు!" అని కారును బతిమాలాడు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. మంచులోంచి తువ్వాళ్ళతో, పళ్ళ బ్రష్షులతో మనుషులు ఊడిపడ్డారు. పాలాయన సైకిలాపి చెవులు మూసుకున్నాడు. హారన్ గొంతు నీరసించి మేకపిల్ల అరుపులోకి దిగాక, తాతగారు తీరిగ్గా ఒక ఎర్ర ఫ్యూజు పీకి మెట్టు మీద పెట్టారు. నిశ్శబ్దం. భార్య తాళం తిప్పింది. ఈసారి కిర్రు కూడా లేదు.

పది గంటలైంది. ఆవిడ ఏడవలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ముందుకు చూస్తోంది, అంతే. అప్పుడు తల్లి చేతిసంచీ తగిలించుకుని, వెనక తలుపు తీసి, దిండు సర్దుకుని కూర్చుంది.

"అమ్మాయ్, ఇవాళ కొండ దారి వద్దు. మొన్న నాకు కళ్ళు తిరిగాయి."

"కొండ దారేంటమ్మా?" అన్నాడు కొడుకు.

ఇంక దాచేదేముంది? భార్య తలదించుకుని చెప్పింది. "సాయంత్రం మీరు ఆఫీసు నుంచి వచ్చేలోపు అత్తయ్యా నేనూ కారులో కూర్చుంటున్నామండీ. లైసెన్సు లేదు కదా, కదిలించం. తాళం ఒక్కటి తిప్పి, లైట్లేసి, కుడికి తిరిగితే కుడి సిగ్నలు, ఎడమకైతే ఎడమ. ఒక గంట తిరిగొస్తాం. వానొస్తే వైపర్లు వేస్తాం."

"నిన్న సముద్రం దాకా పోయాం," అంది తల్లి గర్వంగా. "ఎంత బాగుందనుకున్నావ్!"

"ఇంజనే వేయలేదు కదా, ఏం ఖర్చవుతుందిలే అనుకున్నానండీ."

మూడు రోజుల ఓల్టులు మబ్బులాయన కళ్ళముందు సముద్రం వైపు సాగిపోయాయి. జీవితంలో మొదటిసారి ఆయనకు ఏమీ కొలవాలనిపించలేదు.

"తోద్దాం," అన్నాడు.

"తోస్తే అంటుకుంటుంది, ఆ మాత్రం ప్రాణం ఉంది," అన్నారు తాతగారు. "కానీ అమ్మాయ్, దారిలో ఇంజనాగిందా, అంతే సంగతులు." పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, తనకేమో మోకాళ్ళ నొప్పులు. అంచేత తోయకుండా ఆయన ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు.

హారన్ పిలిచిన జనమంతా అక్కడే ఉన్నారు. తువ్వాళ్ళు భుజాన పడ్డాయి, బ్రష్షులు నోట్లో నిలిచాయి, పాలాయన సైకిలు గోడకానించాడు. "ఐసా!" అంటూ అందరూ తోశారు. కారు కదిలింది, దగ్గింది, ఒక్కసారి గర్జించింది. ముగ్గురినీ తీసుకుని మంచులోకి వెళ్ళిపోయింది. వీధి మధ్యలో మీటరు పట్టుకుని మబ్బులాయన ఒక్కడే మిగిలాడు. ఆ రెండు గంటలూ ఎంత పొడుగో ఆయనకు బాగా తెలిసింది.

పన్నెండింటికి మంచు విడిచింది. కారు వచ్చి ఇంటిముందు ఆగింది. భార్య ఇంజను ఆపలేదు. అద్దం దించి కాగితం చేతికిచ్చింది. పాస్.

"ఎత్తు మీద ఆగిపోతుందేమోనని ఒకటే భయం. ఆగితే మళ్ళీ లేవదు కదా! అందుకే ఆగనివ్వలేదు," అంది. నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు.

కాగితం అడుగున పరీక్షాధికారి ప్రత్యేకంగా ఒక మాట రాశాడు: 'ఎంత రద్దీలోనూ ఒక్కసారైనా హారన్ కొట్టలేదు. గొప్ప ఓర్పు.'

మబ్బులాయన మెట్టు వైపు చూశాడు. ఎర్ర ఫ్యూజు లేదు. వెనక సీట్లోంచి తల్లి, "డబ్బాలో వేశాలేరా," అంది.

ఆయన లోపలికెళ్ళి పుస్తకం తెరిచాడు. 'కరెంటు పోయిన చోటు' అన్న గడిలో 'సముద్రం' అని రాశాడు. కాసేపు ఆలోచించి, ఆఫీసు అలవాటు కొద్దీ కింద ఇంకో వరస చేర్చాడు: 'వర్షపాతం: ఒక మోస్తరు. కారులో మాత్రమే.'