గట్టులో దూరిన తెరియాదు

ఆ ఉదయం తిరువేంగడం నాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పొలం గట్టు మీద నిలబడి, కొలతల దొర గుర్రం దిగగానే చేతులు జోడించి "ఈ గట్టు నాది సామీ" అని చెప్పాలి. అవతలి చేనులో అతని చిన్నాన్న కొడుకు ఆండియప్ప కూడా అదే మాట చెప్పడానికి పంచె ఉతికించుకుని సిద్ధంగా ఉన్నాడని కినత్తుకడవు ఊళ్లో అందరికీ తెలుసు.

కుంపిణీవాళ్లు కోయంబత్తూరు సీమను గొలుసులు పట్టి కొలిపిస్తున్న కాలం అది. రెండు నల్లరేగడి చేల నడుమ ఆ గట్టు ఒక ఎద్దుబండి పట్టేంత వెడల్పు ఉంటుంది. దాని మీద నాగజెముడు తప్ప మరేదీ మొలవదు. అయినా తాత పోయిన దగ్గర్నుంచీ దాని కోసం అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. తప్పనిసరిగా ఏదైనా చెప్పవలసి వస్తే తమ తమ ఎద్దులతో చెప్పినట్టు గట్టిగా చెప్పేవారు. అవతలివాడు వినేవాడు.

ఈ మధ్య నాయుడికి ధైర్యం వచ్చింది. కారణం దొరగారి కుక్క. కోయంబత్తూరు నుంచి వస్తూ దారిలో దాని కాలికి ముల్లు దిగితే, పుండు మానేదాకా చూసుకోమని దొర దాన్నీ, తన గుర్రాలవాడు చిన్నప్పన్‌నీ నాయుడి కొట్టంలో దించి, తాను పొల్లాచ్చి వైపు కొలతలకు పోయాడు. దొర కుక్క తన ఇంట గంజి తాగుతుంటే గట్టు ఎక్కడికి పోతుందని నాయుడి నమ్మకం.

కుక్కను చూసి మాత్రం ఇంట్లోవాళ్లు నిరాశపడ్డారు. దొర కుక్క అంటే దూడంత ఉంటుందనుకున్నారు. ఇది పిల్లి కన్నా కాస్త పెద్దది, అంతే. ఎండిన జొన్నచొప్ప రంగు, అరిగిన చీపురులాంటి బిరుసు వెంట్రుకలు, రెండు చేతుల నడుమ ఇమిడిపోయే సన్నని రొమ్ము.

"ఇది ఏమి జాతిప్పా?" అని నాయుడి భార్య కృష్ణమ్మాళ్ అడిగింది.

"టెరియర్," అన్నాడు చిన్నప్పన్.

ఆమెకది అరవంలో "తెరియాదు" అన్నట్టు వినిపించింది. తెలియదని అర్థం. "చూడత్తా, కుక్కను మేపేవాడికే జాతి తెరియాదంట!" అని ఇంటి పెద్దదిక్కు వెంకటమ్మాళ్‌తో చెప్పి నవ్వింది. చిన్నప్పన్ ఎంత దిద్దినా లాభం లేకపోయింది. కుక్కకు ఆ పేరే నిలిచిపోయింది. "తెరియాదూ, రా!" అని పిలిస్తే అది కూడా తోక ఊపుకుంటూ వచ్చేది.

ఆ ఉదయం దొరకు కుక్క కాలు మానిన సంగతి మొట్టమొదట కనబడాలని నాయుడు దాన్ని గట్టు దగ్గరికి తెప్పించాడు. చిన్నప్పన్ తాడు కొసను తన కాలి బొటనవేలికి చుట్టుకుని, నాగజెముడు నీడన వెల్లకిలా పడుకుని, కళ్లు మూశాడు. కుక్క ముక్కు నేలకు ఆనించి, ఒక పొద కింద ఆగింది. అక్కడ ఒక బొరియ ఉంది. కుక్క ఒకసారి వణికింది. తరువాత చిన్నప్పన్ బొటనవేలు విరిగినంత పని అయింది, తాడు జారింది, కుక్క లేదు.

"అయ్యయ్యో! నాయి లోపలికి పోయిందే!" అని చిన్నప్పన్ కేక పెట్టాడు.

నాయుడు బొరియలోకి తొంగి చూశాడు. చీకటి, మట్టి వాసన. "తెరియాదూ! రామ్మా, రా! పాలు పోస్తాను, రా!"

లోపల ఎక్కడో, చాలా దూరాన, కుక్క మొరిగింది. ఆ చప్పుడు బొరియలోంచి రాలేదు. వాళ్ల పాదాల కిందినుంచి వచ్చింది. నాయుడు తెలియకుండానే ఒక కాలు పైకెత్తాడు.

"అది రాదు," అన్నాడు చిన్నప్పన్ బొటనవేలు ఊదుకుంటూ. "లోపల ఏదో ఉండాది. ఇది దాన్ని అడ్డగించి నిలబడి అరుస్తుంది. పైనుంచి మనం ఆ అరుపు వెంట తవ్వుకుంటా పోవాల. మనిషి చేరేదాకా ఇది వెనక్కి అడుగెయ్యదు. చచ్చినా ఎయ్యదు."

"ఎవరు నేర్పినారు దానికి?"

"ఎవరూ నేర్పలా. పుట్టుకే అట్ట." చిన్నప్పన్‌కు దొర పొగ తాగుతూ చెప్పిన కథలంటే ప్రాణం, విన్నదానికి కొంత కలిపి చెప్పడం ఇంకా ఇష్టం. "వాళ్ల దేశంలో రెండు రాజ్యాలకు నడుమ కొండలు ఉండాయంట. ఏడాదంతా నీలగిరి చలి. ఆడ గొర్రెలు మేపుకునే సంసారులు. నక్క వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుని రాళ్ల సందులో దూరితే పెద్ద వేటకుక్కలు పట్టవు, బయట నిలబడి ఏడుస్తాయి. అప్పుడు ఆ సంసారులు ఏమి చేసినారంటే, ఏ చిన్న కుక్క లోపలికి పోయి భయపడి వెనక్కి రాలేదో దాని పిల్లనే పెంచినారు. మళ్లీ దాని పిల్లను. తాత కాలంనించి మనవడి కాలందాకా అదే పని. గుర్రం వెంట పరిగెత్తేంత కాళ్లు, నక్క బొరియలో పట్టేంత రొమ్ము. దాని పేరే మట్టి అంట, నేలలోకి పోయేది అని."

వెంకటమ్మాళ్ కర్ర ఊతంగా నేల మీద కూర్చుంది. "రాజులు పెంచిన కుక్క కాదా?"

"కాదత్తా. సంసారులదే."

"అంటే మనలాంటోళ్లదే." ముసలామె మెల్లగా వంగి చెవి నేలకు ఆనించింది. చాలాసేపు కదలలేదు. లేచేటప్పటికి ఆమె ముఖం మారిపోయి ఉంది. "ఇంత పొట్టిదానికి అంత పెద్ద గుండె ఎక్కడ పట్టిందిరా!"

నాయుడికి మాత్రం ఆశ్చర్యపోయేంత తీరిక లేదు. కుక్క చస్తే గట్టు పోవడమే కాదు, తానూ జైలుకు పోతాడని అతని భయం. పంచె ఎగగట్టి పార అందుకున్నాడు. మొదటి దెబ్బ పడిందో లేదో ఆండియప్ప అవతలినుంచి పరుగున వచ్చాడు.

"ఏ ఎద్దా!" అని పక్కనున్న ఎద్దుతో అరిచాడు. "నా గట్టు మీద ఎవడో పార వేస్తుండాడు, చూడు! దొర వచ్చేలోపల గట్టు జరిపేదానికి చూస్తుండాడు, ఎంత తెలివి!"

నాయుడు కూడా తన ఎద్దు కోసం చుట్టూ చూశాడు. అది ఇంటి దగ్గర ఉంది. గతిలేక ఆండియప్ప ముఖంలోకి చూసి, పదేళ్ల తరువాత మొదటిసారి నేరుగా మాట్లాడాడు. "ఒరే, దొర కుక్క లోపల ఉండాది!"

"ఉంటే ఉండనీ. నీ బాధ్యత. గట్టు నాది, తవ్వకూడదు."

అప్పుడు వెంకటమ్మాళ్ ఇంకోసారి చెవి ఆనించి చెప్పింది. "ఆండియప్పా, అరుపు ఇప్పుడు నీ పక్కకు వచ్చిందిరా. నీ నేల కింద దొర కుక్క చస్తుండాది."

ఆండియప్ప ముఖంలో రక్తం ఇంకిపోయింది. "నా నేలా? అదెట్ట? గట్టు మా అన్నది కదా! తాత కాలంనించి మా అన్నదే!"

"నాదా?" నాయుడు పార కింద పారేశాడు. "అందరూ వినండప్పా! ఈ గట్టు నా తమ్ముడిది! నేను ఒక పిడికెడు మట్టి కూడా ముట్టను!"

"నీదే అన్నా!"

"నీదేరా తంబీ!"

అంతవరకు నూనే నీళ్లలా కలవని ఇద్దరూ అన్నా, తంబీ అని గొంతెత్తి పిలుచుకోవడం విని చుట్టుపక్కల చేలలోని జనం పనులు వదిలి వచ్చారు. గొడవ తీరేలోపు నేల కింద మొరుగుడు పలచబడింది. ఇక గట్టు ఎవరిదన్న మాట వదిలేసి చెరో పార పట్టి, చెరో పక్కనుంచి తవ్వసాగారు.

చప్పుడు ఎక్కడుందో కనిపెట్టడానికి చిన్నప్పన్ అందరినీ నేల మీద బోర్లా పడుకుని వినమన్నాడు. చేనులో ఇరవై మందికి పైగా బారుగా పడుకున్నారు. "ఈడ!" అని ఒకడు, "కాదు, ఈడ!" అని ఇంకొకడు. ఎవడు అరిస్తే అక్కడ పార పడేది. గట్టు జల్లెడయింది.

పొల్లాచ్చి బాటన పోయే బండ్లవాళ్లు ఇది చూసి ఆగారు. "ఎందుకు అందరూ సాష్టాంగం పడుండారు? లోపల ఏముండాది?" అని అడిగారు.

"తెరియాదు," అంది కృష్ణమ్మాళ్, కన్నీళ్లు తుడుచుకుంటూ.

"పేరైనా?"

"చెప్పినాను కదా, తెరియాదు!"

అంతలో నేల లోపలినుంచి మొరుగుడు వినిపించింది. బండ్లవాళ్లు చెప్పులు విడిచారు. భూమిలోంచి ఏదో శక్తి నోరు విప్పిందని, అదేమిటో ఎవరికీ తెలియదని, చూసినవాళ్లు ఏడుస్తున్నారని వార్త వాళ్ల బండ్ల కన్నా ముందు ఊరు చేరింది. కాసేపట్లో ఆడవాళ్లు పసుపూ వేపాకూ పట్టుకుని వచ్చారు. మారియమ్మ గుడి పూజారి ముత్తుసామి ఉడుక్కు అనే చిన్న డమరుకం వాయించుకుంటూ, వెనక కొబ్బరికాయల గంపతో దిగాడు.

"ఎవరు తల్లీ నువ్వు?" అని పూజారి గొయ్యి అంచున నిలబడి అడిగాడు.

"తెరియాదు సామీ, తెరియాదు!" అని గొయ్యిలోంచి నాయుడు.

"అమ్మవారే తన పేరు దాచుకుంటుండాది," అని పూజారి కర్పూరం వెలిగించాడు.

సరిగ్గా అప్పుడే దొర వచ్చాడు. గుర్రం మీదనుంచి చూస్తే చేనంతా మనుషులు బోర్లా పడుకుని ఉన్నారు. తనకే దండం పెడుతున్నారనుకుని ఆయన మర్యాదగా టోపీ ఎత్తాడు. ఎవరూ తల ఎత్తలేదు. దొర టోపీ మళ్లీ పెట్టుకుని, మట్టి కొట్టుకుపోయిన నాయుడి దగ్గరికి వచ్చి, కుక్క ఎక్కడని తనకు వచ్చిన అరవంలో అడిగాడు. "నా నాయి... ఎంగే?"

నాయుడి ఉతికిన పంచె రేగడి రంగులో ఉంది. "తెరియాదు, సామీ..."

దొర ముఖం కందిపోయింది. "తెరియాదా?"

"అవును సామీ! తెరియాదే!" నాయుడు రెండు చేతులతోనూ నేలను చూపించాడు.

దొర చేతిలో కొరడా బిగిసింది. చిన్నప్పన్ పొద చాటుకు తప్పుకున్నాడు. అప్పుడు నేల కింద, చాలా నీరసంగా, బొంగురుగా, ఆ కుక్క ఒకసారి మొరిగింది.

దొర కొరడా వదిలేశాడు. టోపీ ఎక్కడో పడింది. తెల్ల లాగుతోనే రేగడి మట్టిలో బోర్లా పడి, వెంకటమ్మాళ్ పక్కన చెవి నేలకు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఉడుక్కు ఆగిపోయింది. అంత జనంలో ఎవరూ దగ్గలేదు. దొర వేలితో నేల మీద ఒక చోటు తట్టాడు. వెంకటమ్మాళ్ తల అడ్డంగా ఆడించి, జానెడు దూరంలో ఇంకో చోటు తట్టింది. ఇద్దరూ మళ్లీ విన్నారు. దొర ఆమె చూపిన చోటే ఒప్పుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ అక్కడ చేతులతో మట్టి తీశారు, పార తగులుతుందేమోనన్న భయంతో. చివరి పెళ్ల విరిగి వెలుగు లోపల పడింది. అందరూ వంగి చూశారు.

బొరియ మూలన పొట్టేలంత ముళ్లపంది, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, తోక గలగలలాడిస్తూ నిలబడి ఉంది. దాని ఎదురుగా, జానెడు దూరంలో, చొప్పరంగు కుక్క. ముక్కులో ముల్లు, చెంపలో ముల్లు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గొంతు పోయింది, నోరు తెరిస్తే గాలే వస్తోంది. అయినా నోరు తెరుస్తూనే ఉంది. తలమీద వెలుగు పడినా, ఇంతమంది ఊపిరి బిగబట్టినా, అది ముళ్లపంది మీదనుంచి చూపు తిప్పలేదు. నాలుగు కాళ్లూ నేలలో నాటినట్టు ఉన్నాయి.

పూజారి ముత్తుసామి చేతులు తమకు తామే జోడించుకున్నాయి. "అమ్మవారు కాకపోయినా సరే," అన్నాడు మెల్లగా.

దొర చేయి చాచి కుక్క తోక పట్టుకుని అలాగే పైకి తీశాడు. దారి దొరికిన ముళ్లపంది గొయ్యిలోంచి ఉబికి, పూజారి కాళ్ల నడుమనుంచి, కర్పూరం పళ్లెం మీదనుంచి, కొబ్బరికాయల గంప దొర్లించుకుంటూ ఆముదం తోటలోకి పోయింది. శక్తిని చూడ్డానికి వచ్చిన జనం శక్తి ఉన్నంతవరకు పరుగెత్తారు. కొందరు పొల్లాచ్చి వైపు పోయారు, తిరిగి రావడానికి పొద్దుపోయింది.

దొర ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ముల్లూ లాగుతుంటే కుక్క మూలగలేదు. కృష్ణమ్మాళ్ పసుపు నూరి అద్దింది. వెంకటమ్మాళ్ దాని తల మీద చేయి వేసి, ఊళ్లో పెద్దవాళ్లకు పెట్టినట్టు, మొదటి గిన్నె పాలు దానికే పెట్టింది. అన్నదమ్ములు పక్కపక్కన చతికిలబడి, ఒకే ముంతలోంచి నీళ్లు తాగుతూ, ఆ గుప్పెడంత ప్రాణాన్ని చూస్తూ ఉండిపోయారు.

"మనమిద్దరం కలిసి కూడా అంతసేపు నిలబడమురా తంబీ," అన్నాడు నాయుడు.

"మనమా? ఆ ముళ్లు చూసే పారిపోతుంటిమి, అన్నా."

కుక్కకు ప్రాణభయం లేదని తేలాక దొరకు పని గుర్తొచ్చింది. లేచి లాగు దులుపుకున్నాడు. గొలుసు తెప్పించాడు. అటూ ఇటూ చూశాడు. చిన్నప్పన్‌ను పిలిచి ఏదో అడిగాడు.

"కొలవవలసిన గట్టు ఏది అని దొర అడుగుతుండారు," అన్నాడు చిన్నప్పన్.

అన్నదమ్ములు తలలు తిప్పి చూశారు. గట్టు లేదు. నాగజెముడు లేదు. ఒక చేను ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో చెప్పేందుకు ఒక గొయ్యీ, చాలా మట్టీ తప్ప ఏమీ మిగల్లేదు.

"అది ఎవరిదో అడుగుతుండారు," అన్నాడు చిన్నప్పన్ మళ్లీ.

గట్టు తనది కాదని ఇద్దరూ ఊరందరి ముందూ ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పి ఉన్నారు. దొర కాసేపు ఎదురుచూసి, నవ్వి, రెండు చేలనూ ఒక్కటిగా కొలిపించి, కుక్కను సంచిలో వేసుకుని గుర్రమెక్కి మేట్టుపాళయం వైపు సాగిపోయాడు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములు ఎద్దుల సాయం లేకుండానే రోజూ మాట్లాడుకుంటున్నారు. కొత్త గట్టు ఎవరు వేయాలన్న మాట మాత్రం ఇంకా తెమలలేదు.