ఓవీ హాల్లో పిలవని మెరుపు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ క్లోవిస్ ఎబేర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓవీ డాన్సు హాల్లో పాట మొదలయ్యాక, ఫిడేలు వాయించే అజెలీని కళ్ళు తెరిచి ఉండగా ఒక్క ఫొటో తీయాలి. అంతే. వచ్చే శనివారానికి ఆమె ఊళ్ళో ఉండదు. బోమాంట్‌లో మంచాన పడిన చెల్లెలి దగ్గరికి, ఇల్లు ఖాళీ చేసి మరీ వెళ్ళిపోతోంది.

పడవ ఇంజన్లు బాగుచేసుకునే క్లోవిస్ దగ్గర ఆమె ఫొటోలు పెట్టెడున్నాయి. అన్నింటిలోనూ కళ్ళు మూసుకునే ఉంటుంది. పాటలో లీనమైపోతుంది కాబోలని అతను మురిసిపోయేవాడు. ఆ కళ్ళు ఒక్కసారి తనవైపు తిరిగితే చాలునని కుమిలిపోయేవాడు కూడా. ఆ మాట ఆమెతో అందామంటే నోరు పెగిలేది కాదు. యాభై దాటిన మగవాడు, పిడికెడు ధైర్యం లేక, ఇన్నేళ్ళూ కెమెరా వెనక దాక్కున్నాడు.

ఓవీ హాలు కిటికీలకు ఎప్పుడో చెక్క పలకలు బిగించేశారు. పట్టపగలు కూడా లోపల చీకటి. కెమెరా మీదే ఫ్లాష్ పెట్టి కొడితే మొహాలన్నీ పిండి పూసినట్టు వస్తాయి. అందుకని క్లోవిస్ ఈసారి ఫ్లాష్‌ను తీసుకెళ్ళి వేదిక పక్కనున్న దూలానికి కట్టాడు. కెమెరా మీద అగ్గిపెట్టెంత ట్రిగ్గర్ ఉంటుంది. ఇక్కడ నొక్కితే అక్కడ వెలుగుతుంది.

"ఒరేయ్, నా దూలానికి ఏం వేలాడదీశావ్రా?" వంటగదిలోంచి తొంగిచూసి అరిచాడు ఓవీ.

"ఏం లేదులే. చిన్న దీపం."

"ఊడిపడితే నీ నెత్తినే పడాలి సుమా!" అనేసి ఓవీ పొయ్యి మీదున్న గంబో పులుసు కలుపుకోవడానికి పోయాడు.

ఆ హాల్లో ఒక కట్టుబాటుంది. ముగించే వేళకు ఓవీ దీపాలను రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాడు. చివరి వాల్ట్జ్ అని దానర్థం. ఆ ఒక్క నాట్యానికి జోడీని ఎంచుకునే హక్కు ఆడవాళ్ళది, పిలిస్తే మగవాడు కాదనకూడదు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అలాగే కుదిరాయి. అజెలీకి మాత్రం ఆ భాగ్యం లేదు. ఆ వాల్ట్జ్ వాయించేది ఆమే మరి.

పాట ఊపందుకుంది. క్లోవిస్ ఇంకా కెమెరా ఎత్తనేలేదు, వారపత్రిక తరఫున ఫొటోలు తీసే జనెల్ వచ్చింది. ఆ అమ్మాయి క్లోవిస్ సలహా మీదే, క్లోవిస్‌ది ఏ కంపెనీయో ఆ కంపెనీ ట్రిగ్గరే కొంది. కొన్నప్పటి ఛానెల్‌ను ఆమె మార్చలేదు. ఆ మాటకొస్తే క్లోవిసూ మార్చలేదు. ఛానెల్ ఒకటే అయితే ఎవరి ట్రిగ్గర్ నొక్కినా అదే ఫ్లాష్ వెలుగుతుంది. గుమ్మంలో నిలబడి ఆమె టకటకా రెండుసార్లు నొక్కింది. దూలం మీదున్న క్లోవిస్ ఫ్లాష్ బుద్ధిగా రెండుసార్లు మెరిసింది. కళ్ళు బైర్లు కమ్మి, దీపాలు ఆరి వెలిగినట్టే అనిపించింది అందరికీ.

"అదేంటి, అప్పుడే చివరి వాల్ట్జా?" అన్నారెవరో.

"ఓవీకి ఒంట్లో బాలేదేమో పాపం," అన్నాడు అకార్డియన్ వాయించే యులిస్. వాద్యబృందం వాల్ట్జ్ అందుకుంది. ఆడవాళ్ళు పరుగున వెళ్ళి దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకున్నారు. వాల్ట్జ్ అయిందంటే భోజనం కాబట్టి, మిగిలినవాళ్ళు గిన్నెలు పట్టుకుని వంటగది కిటికీ దగ్గర బారులు తీరారు.

ఓవీ గరిటెతో బయటికి దూకాడు. "ఎవడ్రా నా దీపాలు ఆర్పింది? గంబో ఇంకా ఉడకనేలేదు!"

"ఎవరూ ఆర్పలేదు. వాటంతటవే ఆరాయి," అన్నాడు వరసలో ఒకడు.

"వాటంతటవే ఎలా ఆరిపోతాయి? స్విచ్చు పాడైందేమో చూస్తానుండు." ఓవీ వెళ్ళి స్విచ్చును రెండుసార్లు టకటకలాడించాడు. యులిస్ నిట్టూర్చి మళ్ళీ చివరి వాల్ట్జ్ మొదలుపెట్టాడు.

తన ట్రిగ్గరే తిక్కగా ఉందేమోనని క్లోవిస్ దాన్ని విప్పుతుంటే, గుమ్మం దగ్గర జనెల్ ఇంకోటి నొక్కింది. దూలం భగ్గుమంది.

"వైర్లు కలిసిపోయాయి! హాలు అంటుకుంటుంది!" ఓవీ పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. హాలంతా చిమ్మచీకటి. ఆ చీకట్లో జనెల్ మరో రెండు నొక్కింది.

"కరెంటు తీసేసినా మెరుస్తోందే! మేరీ మాతా!" ఓవీ గరిటెతోనే శిలువ గుర్తు వేసుకున్నాడు.

"సరేలే, దేవుడే కోరుతున్నట్టుంది," అన్నాడు యులిస్. "అజెలీ, ఈసారికి నా అకార్డియన్ ఒక్కటి చాలు. ఇన్నేళ్ళలో ఒక్క చివరి వాల్ట్జ్ కూడా ఆడలేదు నువ్వు. ఇవాళ పోతే మళ్ళీ రాదు. దిగు."

వేదిక మెట్లు చప్పుడయ్యాయి. చీకట్లో ఓ చెయ్యి క్లోవిస్ మోచేతిని పట్టుకుంది.

"ఆ డబ్బా కింద పెట్టు," అంది అజెలీ.

"ఒక్క ఫొటో తీసుకోనీ అజెలీ. నువ్వు కళ్ళు తెరిచి ఉండగా..."

"నువ్వు డబ్బా ఎత్తితే చాలు, ఎక్కడ కళ్ళలో మెరుపు కొడతావోనని ముందే మూసేసుకుంటాను. మిగతా వేళంతా తెరుచుకునే ఉంటాను కదా!"

"మిగతా వేళ ఎటు చూస్తావ్?"

"మొద్దు మొహమా! ఇన్నేళ్ళూ ఎటు చూశాననుకున్నావ్?"

నాట్యంలో అడుగు తప్పి క్లోవిస్ ఆమె కాలు తొక్కాడు. ఇన్ని శనివారాలు, ఆ చూపు తనమీదే ఉంటే, తను వంగి బ్యాటరీలు మార్చుకుంటున్నాడు!

"వెళ్ళకపోతే కుదరదా?" అన్నాడు చివరికి.

"చెల్లికి నేను తప్ప ఎవరున్నారు?"

"బోమాంట్ ఎంత దూరంలే."

"ఎంతో లేదు," అంది ఆమె. ఇద్దరికీ తెలుసు, అక్కడ మంచం పట్టినదాన్ని వదిలి శనివారాలు రావడం ఆమెకు కుదరదని. ఆమె అతని భుజాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. పాట అయిపోకూడదని క్లోవిస్ ఊళ్ళో ఉన్న పునీతులందరికీ మొక్కుకున్నాడు. అంతటి మొక్కు అతను తుపానుల్లో కూడా మొక్కలేదు. నడుమ ఎప్పుడో దూలం ఒకసారి మెరిసింది. ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

దీపాలు వచ్చేసరికి పాట ముగిసింది. అజెలీ ఫిడేలు పెట్టెలో సర్దుకుని, అతని చొక్కా కాలరు సరిచేసి, వెళ్ళిపోయింది. క్లోవిస్ ఆ రోజు ఒక్క ఫొటో కూడా తీయలేదు.

"మిస్టర్ క్లోవిస్! మీరు కొనమన్నది అద్భుతంగా ఉందండీ," అంటూ జనెల్ ఎగురుకుంటూ వచ్చింది. "ఎక్కడ నొక్కినా పైనుంచి ఎంత చక్కటి వెలుగొస్తోందో!"

అతను దూలం వైపు చూసి, ఆమె కెమెరా వైపు చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. సంగతి చెబితే ఓవీ గరిటె తిరగేస్తాడని నోరు మూసుకున్నాడు.

బుధవారం వారపత్రిక వచ్చింది. మొదటి పేజీలో అజెలీ ఉంది. వెలుగు పక్కనుంచి, అచ్చం క్లోవిస్ కోరుకున్నట్టే పడింది. కళ్ళు విప్పార్చి, జన్మలో ఇంక దేన్నీ చూడనక్కర్లేదన్నట్టు, తన ఎదుట ఉన్న మనిషిని చూస్తోంది. ఆ మనిషి వీపు మాత్రమే కనబడుతోంది. క్లోవిస్ ఆ బొమ్మను చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు, కాఫీ చల్లారిపోయింది.

ఫొటో కింద జనెల్ పేరు వేసి, పక్కన ఇలా అచ్చువేశారు: "వీపు కనబడుతున్న వ్యక్తి వివరాలు తెలియరాలేదు."