ముఖ్య అతిథి సర్వీసు

క్రీడాకారుల అభివృద్ధికి మన ప్రాంతంలో ఒక కొలమానం ఉంది. మనిషి ఎంత ఎదిగితే కుర్చీ నెట్‌కు అంత దూరంగా, అంత మెత్తగా పడుతుంది. ఆ లెక్కన సుప్రియగారంత ఎదిగినవారు దివిసీమలో మరొకరు లేరు.

వయసులో ఉండగా ఆవిడ రాష్ట్ర వాలీబాల్ జట్టుకు ఆడారు. అప్పుడు కుర్చీ లేదు. నేలమీద కూర్చుని మోకాలికి పట్టీ తనే కట్టుకునేవారు. పెళ్లయ్యాక బందరులో ఆటసామాన్ల దుకాణం పెట్టారు. టోర్నమెంట్లకు పిలుపులొచ్చేవి, బంతులు ఉచితంగా పట్టుకు రమ్మని. దాత కనుక రెండో వరుసలో ప్లాస్టిక్ కుర్చీ దక్కింది. దుకాణం గుడివాడకూ, అవనిగడ్డకూ పాకాక రాజకీయం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మండలాధ్యక్షురాలయ్యారు. ఇప్పుడు వేదిక మీద తెల్ల తువ్వాలు పరిచిన సోఫా. అక్కణ్ణించి బంతి కనిపించదు. ఫొటోగ్రాఫర్ వీపు కనిపిస్తుంది.

ఇన్ని హోదాలు సంపాదించి ఆవిడ పోగొట్టుకున్నది ఒక్కటే. పదేళ్లుగా ఆవిడ కొట్టిన బంతిని ఎవరూ తిరిగి కొట్టలేదు.

టోర్నమెంటు ప్రారంభంలో ముఖ్య అతిథి సర్వీసు అనే కార్యక్రమం ఉంటుంది. దాని నియమాలు ఎక్కడా రాసి ఉండవు కాబట్టి ఎవరూ ఉల్లంఘించరు. అతిథి గీత వెనక కాక, సగం కోర్టు లోపలికొచ్చి నిలబడాలి. బంతిని కిందనుంచి, కెమెరావైపు నవ్వుతూ కొట్టాలి. నెట్ దాటితే చప్పట్లు. దాటకపోతే ఇంకా గట్టిగా చప్పట్లు. (ఫొటోగ్రాఫర్‌కు తగిలితే ఆయన కూడా కొట్టాలి.) అవతలి జట్టు చేతులు కట్టుకుని బంతిని గౌరవంగా కింద పడనివ్వాలి.

ఈ ఏడు చల్లపల్లిలో ఆడపిల్లల టోర్నమెంటు. వేదిక ఎక్కబోతూ సుప్రియ కమిటీ కార్యదర్శి గణపతిని పక్కకు పిలిచారు.

"గణపతిగారూ, ఇవాళ సర్వీసు పైనుంచి కొడతాను. పిల్లల్ని తీసుకోమనండి. ఒక్క పాయింటు ఆడనివ్వండి."

"అట్టా ఎట్టా కుదురుద్దమ్మా? మీరు ఆడితే ఆట మొదలైపోద్ది. ఇక ప్రారంభం ఎవరు చేస్తారండీ?"

"ఆట మొదలవడమే కదండీ ప్రారంభం!"

"మీకు తెలీందేముంది మేడం. కర్మగాలి పాయింటు పోయిందనుకోండి. ఎలక్షన్లప్పుడు అవతలోళ్లు ఆ వీడియో ఊరంతా తిప్పరూ? పైగా పట్టుచీరలో ఉన్నారు."

"చీర కింద బూట్లేసుకునే వచ్చాను."

గణపతి కిందికి చూశారు. నిజమే. ఇన్నేళ్ల అనుభవంలో ఆయన ఆలస్యంగా వచ్చిన అతిథుల్ని చూశారు, అసలు రాని అతిథుల్నీ చూశారు. ఆడటానికి వచ్చిన అతిథిని చూడటం ఇదే మొదలు.

"ముందు దండ వేయించుకోండమ్మా," అన్నారు నీరసంగా.

ఆటల ఆవశ్యకత గురించి వక్తలు మాట్లాడుతూనే ఉన్నారు. వార్మప్ చేసుకున్న పిల్లల ఒళ్లు చల్లబడేదాకా మాట్లాడారు. ఆ తర్వాత సుప్రియను కోర్టులోకి తీసుకెళ్లారు. ఆవిడ దండా శాలువా తీసి గణపతి చేతుల్లో పెట్టి, కొంగు నడుముకు దోపి, గీత వెనక్కి నడిచారు.

"మేడం, ముందుకు రండి! ఫ్రేములో లేరు!" ఫొటోగ్రాఫర్ అరిచాడు.

ఆవిడ బంతి ఎగరేసి కొట్టారు. అది గాల్లో వణుకుతూ నెట్ దాటింది. అవతల గుడివాడ జట్టు వెనక వరుసలో హాసిని అనే పిల్ల ఉంది. కోచ్ ఆమెకు బంతిని తీసుకోవడం నేర్పాడు గాని, మేడాన్ని గుర్తుపట్టడం ఇంకా నేర్పలేదు. వంగి, రెండు చేతులూ జోడించి బంతిని లేపింది. బంతి తిరిగొచ్చింది.

సుప్రియ పరిగెత్తారు. ఇవతలి చల్లపల్లి పిల్లలంతా చేతులు కట్టుకుని దారిచ్చారు. మోకాలు నేలకానించి ఆవిడ బంతిని అవతలికి పంపారు. హాసిని ఈసారి ఎగిరి కొట్టింది. బంతి సుప్రియకు మూరెడు దూరంలో పడింది.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. దుమ్ముకొట్టుకున్న పట్టుచీరలో సుప్రియ మాత్రం పకపకా నవ్వారు. "అబ్బ, ఏం కొట్టావే పిల్లా! ఏదీ, ఇంకోటి!"

మైకు తేరుకుంది. "మండలాధ్యక్షురాలు గారికి ఒక పాయింటు!"

"కాదండీ, పాయింటు ఆ అమ్మాయిది," అన్నారు సుప్రియ.

"చూశారా! గెలిచిన పాయింటును సైతం వర్ధమాన క్రీడాకారిణికి దానం చేసిన విశాల హృదయం!"

చప్పట్లు మోగాయి. ఈలోగా కోచ్ హాసినిని భుజం పట్టుకు తీసుకొచ్చాడు.

"సారీ చెప్పు మేడానికి."

"సారీ మేడం, చూసుకోలేదండీ," అంది హాసిని తల వంచుకుని. "ఇంకెప్పుడూ తీసుకోనండీ."

సుప్రియ నవ్వు ఆగిపోయింది. ఆ పిల్లకు ఏదో చెప్పబోయారు. అప్పటికే నలుగురు ఆవిణ్ణి సోఫా దగ్గరకు నడిపిస్తున్నారు.

కమిటీ అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమైంది. ఇకమీదట ముఖ్య అతిథి సర్వీసు చేసేటప్పుడు అవతలి కోర్టులో ఎవరూ ఉండరాదని గణపతి ప్రతిపాదించారు. అభ్యంతరం చెప్పడానికి సుప్రియ లేచి నిలబడ్డారు. తీర్మానాన్ని అధ్యక్షురాలు లేచి నిలబడి ఆమోదించినట్టు మైకులో ప్రకటించారు.