శకుంతలమ్మకు తెలియకుండా వేసిన సూది

రోగిని బతికించేది మందే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారంటే జాలేస్తుంది! మందుదేముంది, వేసినా వెయ్యకపోయినా పైకి కనిపించదు. కనిపించేది రిజిస్టరు. అందులో టైము, డోసు, సంతకం మూడూ ఉన్నాయా, ఇక ఆ ఆసుపత్రికి ఢోకా లేదు. రోగి సంగతా? నిదానంగా చూసుకోవచ్చు లెండి.

పలమనేరులో డాక్టర్ మునిచంద్ర గారి పదిహేను పడకల ఆసుపత్రిలో ఇలాంటి రిజిస్టర్లు పదకొండు. మత్తుమందులకు ఒకటి, గడువు తీరిన మందులకు ఒకటి, పేర్లు ఒకేలా వినిపించే మందులకు ఇంకొకటి. మందుల ఫ్రిజ్‌కు ప్రత్యేకంగా ఒకటి. ఆ ఫ్రిజ్ ఎంత బుద్ధిమంతురాలంటే, రెండేళ్లుగా నాలుగు డిగ్రీలు దాటలేదు. కరెంటు పోయిన రోజు కూడా నాలుగే! రిపేరుకని చిత్తూరు తీసుకెళ్లిన మూడు రోజులూ నాలుగే!

ఇవన్నీ రాసేది నర్సు ఉదయలక్ష్మి. పగటి డ్యూటీకి ఆమె ఒక్కతే. ఆమె సూది వేస్తే వేసినట్టే తెలియదని చుట్టుపక్కల ఊళ్లలో పేరు.

ఆసుపత్రికి సర్టిఫికెట్ ఇచ్చే ముందు చేసే తనిఖీ ఆ రోజు. పొద్దున్నే డాక్టరు గారు హడావిడిగా వచ్చారు.

"తనిఖీ ఆయన తొమ్మిదికి వస్తాడంట. ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు ఉదయా. ముందు రాసెయ్, సూదులు ఆనక వేసుకోవచ్చు."

ఉదయలక్ష్మి రాసేసింది. ఆరో పడక శకుంతలమ్మకు ఎనిమిది గంటలకు పన్నెండు యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చినట్టు సంతకం కూడా పెట్టింది. ఇక సూదులు వేద్దామని లేచేసరికి కారు వచ్చి ఆగింది. తనిఖీ చేసే తులసీరాం గారు అరగంట ముందే దిగారు. అప్పట్నుంచి రెండు గంటలు ఆమె రిజిస్టర్లు మోస్తూ ఆయన వెనకే తిరిగింది.

ఆరో పడక దగ్గర ఆయన ఆగారు. శకుంతలమ్మ టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవు తొక్కిన కాలి పుండు షుగరు వల్ల మానకపోవడంతో ఆసుపత్రిలో చేరి వారమైంది.

"ఇంకా తినలేదేమ్మా?"

"సూది ఏసినాకే తినల్ల అని సెప్పినారు నాయనా. ఇంగా ఎయ్యలేదు."

ఆయన రిజిస్టరులో ఆరో పడక చార్టు చూశారు. "ఎనిమిదింటికే వేశారే!"

"ఎవురికి?"

"మీకే."

"నాకా! నాకు తెలీకుండా యాడ ఏసినారబ్బా?" అని ఆమె తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

డాక్టరు గారు నవ్వారు. "అదే సార్ మా నర్సు గొప్పతనం! సూది దిగినట్టే తెలియదు. పైగా అవ్వకు కాస్త మతిమరుపు."

"మతిమరుపా? నా ఆవులు నాలుగు. ఏది ఎప్పుడు ఈనిందో తేదీతో సెప్తా, రాసుకుంటావా?"

అక్కడికక్కడే షుగరు చూశారు. మూడు వందల అరవై. డాక్టరు గారు గంభీరంగా తల పంకించారు. "పన్నెండు యూనిట్లు ఇచ్చినా దిగలేదంటే డోసు చాల్లేదన్నమాట. రేపట్నుంచి ఇరవై నాలుగు." చార్టులో రాశారు కూడా.

ఉదయలక్ష్మి ఆ అంకెను మళ్లీ చదివింది. రెండు ఇడ్లీలు తినే మనిషికి ఇరవై నాలుగు యూనిట్లు పడితే, షుగరు పూర్తిగా పడిపోయి స్పృహ తప్పుతుంది. మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. పోనీ, రేపు చార్టులో ఇరవై నాలుగు రాసి, అవ్వకు పన్నెండే వేస్తే? ఎంత హాయైన ఉపాయం! కానీ ఎల్లుండి తనకు సెలవు. తన బదులు వచ్చే నర్సు చార్టులో ఎంతుంటే అంతా వేసేస్తుంది.

"నేను ఎయ్యలేదు సార్," అంది. "రాసినాను, అంతే. ఆయమ్మ సెప్పేదే నిజం."

డాక్టరు గారి ముఖం చూడకుండా, ఎనిమిది గంటల గడిని అడ్డంగా కొట్టేసింది. "ఇవ్వలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఇరవై నాలుగును డాక్టరు గారి చేతనే కొట్టించింది. అప్పుడు పన్నెండు యూనిట్లు వేసి, ఆ తర్వాతే టైము రాసింది.

"ఇప్పుడు తెలిసింది," అంటూ శకుంతలమ్మ డబ్బా మూత తీసింది.

తులసీరాం గారు కారెక్కబోతుంటే ఉదయలక్ష్మి వెంటపడింది. "సార్, ఇంకో నర్సును పెట్టమని రాయండి. పదిహేను మందికి నేనొక్కదాన్నే."

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. నిజంగానే చూశారు. "దీంట్లో దానికి గడి లేదమ్మా."

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. సర్టిఫికెట్ మంజూరు! ఫ్రిజ్ రిజిస్టరు ఆదర్శప్రాయం అన్నారు. లోపం ఒక్కటే: ఆరో పడక చార్టులో కొట్టివేతలు. పదకొండు రిజిస్టర్లలో ఆ పూట జరిగింది జరిగినట్టు రాసిన చోటు అదొక్కటే.

డాక్టరు గారు లోపాన్ని తేలిగ్గా తీసుకోలేదు. వారం తిరక్కుండా కొత్త మనిషిని తెచ్చి పెట్టారు. ఉదయలక్ష్మి సంతోషంతో వాకిట్లోకి ఎదురెళ్లింది.

వచ్చినాయన తిరుమలయ్య, రిటైరైన గుమాస్తా. సూది పట్టుకోవడం రాదు. దస్తూరి మాత్రం ముత్యాలే! కుర్చీలో సర్దుకుని, పెన్ను మూత తీసి, ఆప్యాయంగా అడిగాడు:

"ఏం పాపా, రేపటి సూదులు ఎన్నింటికి ఏసినారో సెప్పు, రాసేస్తా."