మేజిక్ తీసిన లాంతరు

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో ఒక సోమవారం పొద్దున విశ్వాసం మాస్టారు చద్దన్నం తిని, తీరుబడిగా కూర్చుని పాఠానికి ప్రణాళిక రాసుకున్నారు. పది గంటలకు కిటికీలు మూయుట. పదీ అయిదుకు లాంతరు వెలిగించుట. పదీ పదికి తెరపై హిమాలయము. కొల్లేటి గట్టున పుట్టిన పిల్లలు, పాపం, బుద్ధెరిగి కొండన్నది చూడలేదు. "యంత్రసాయంతో బోధించవలెను" అని సర్క్యులరు రాసిన ఇన్‌స్పెక్టరుగారు శనివారం స్వయంగా పాఠం చూడటానికి వస్తున్నారు. మెచ్చుకుంటే నాలుగేళ్ల టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఆ కుర్చీ కోసం తాడేపల్లిగూడెంలో ఒకాయన పెట్టె సర్దుకుని కూర్చున్నారు.

గాజుపలకల మీది బొమ్మల్ని తెర మీద పెద్దవి చేసి చూపించే మేజిక్ లాంతరు ఏలూరు ఆఫీసులో అరువిస్తారు. "మేజిక్ లాంతరు ఒకటి పంపవలెను" అని కాగితం రాశారు. దాని మీద బడి కమిటీ తరఫున సువార్తమ్మగారి సంతకం కావాలి. ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి చెప్పే మనిషి. ఆవిడ కాదంటే కాదంతే.

"మేజిక్ అంటే ఏవిటి మాస్టారూ?"

"గారడీ లాంటిదండీ. అంటే, నిజం గారడీ కాదండీ."

"గారడీ పాపమని నిన్న చర్చిలో నేనే చెప్పి, ఇవాళ నేనే సంతకం పెట్టనా? ఆ మాట కొట్టెయ్యండి. లాంతరుకైతే నాకేం అభ్యంతరం లేదు."

మాస్టారు కొట్టేశారు. ఒక్క మాటే కదా, ఆఫీసువాళ్లకు ఆ మాత్రం తెలియదా అనుకున్నారు.

శనివారం ఇన్‌స్పెక్టరుగారూ, లాంతరు పెట్టే ఒకే పడవలో దిగారు. పెట్టెలోని గడ్డి తీసి చూస్తే లోపల మామూలు హరికేన్ లాంతరు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. అప్పటికే కిటికీలకు చాపలు కట్టేశారు, గోడకు తెల్లపంచె వేలాడదీశారు, ఇన్‌స్పెక్టరుగారు ప్రణాళిక చేత్తో పట్టుకుని కూర్చున్నారు. చేసేదేముంది, లాంతరు వెలిగించి బల్ల మీద పెట్టారు.

లోపల ఏ గారడీ జరుగుతుందోనని సువార్తమ్మగారు వచ్చి, సరిగ్గా లాంతరుకూ పంచెకూ మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నారు. తల మీద చెంగు కప్పుకున్న ఆవిడ నీడ పంచె నిండా పరుచుకుంది.

ఇన్‌స్పెక్టరుగారు గడియారం చూశారు. "పదీ పది. అదేనా హిమాలయం?"

వారం రోజులుగా హిమాలయం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు "అవునండీ" అన్నారు ఏకకంఠంతో.

"శిఖరం బాగా కనిపిస్తోంది," అన్నారాయన. సర్క్యులరు రాశారే గానీ, మేజిక్ లాంతరన్నది ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి బయటపడకుండా బల్ల చుట్టూ గంభీరంగా ఒక ప్రదక్షిణ చేశారు. "మరి ఇందులో మేజిక్ ఏదండీ మాస్టారూ?"

మాస్టారికి తాడేపల్లిగూడెం ఆయన పెట్టె కళ్ల ముందు ఆడింది.

"నేనే తీసేయించానండీ," అంది హిమాలయం.

"తీసేసినా వెలుగుతుందా అమ్మా?"

"ఇంకా బాగా వెలుగుతుందండీ."

ఇన్‌స్పెక్టరుగారు తలాడించి, పుస్తకంలో ఏదో చాలాసేపు రాసుకున్నారు.

నెల తిరక్కుండా పర్మనెంటు ఆర్డరు వచ్చింది. మాస్టారు దాన్ని కళ్లకద్దుకుని, సంతోషం పట్టలేక రెండో పేజీ తిప్పారు. ఇకమీదట ఆయనకు పాఠాలు చెప్పే పని లేదట. ఏలూరు మొదలు గణపవరం దాకా ప్రతి బడికీ స్వయంగా వెళ్లి, అక్కడి లాంతర్లలోని మేజిక్ తీసివేయవలెనట.